ట్రయంఫ్ స్టాగ్: అసలు ఇంజిన్‌ను నిలుపుకోవాలా, మార్చాలా?

ట్రయంఫ్ స్టాగ్ కారును కొనదలచినవారికీ, ఇప్పటికే కొని నడుపుతున్నవారికీ ఏదో ఒకనాడు తప్పక ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది. కారుతో పాటే వచ్చిన మూడు లీటర్ల వీ8 (V ఆకారంలో ఎనిమిది సిలిండర్లున్న) ఇంజిన్‌ను విప్పి, బాగుచేయించి మళ్లీ బిగించాలా, లేక దాన్ని దించేసి రోవర్ వీ8 వంటి మరో ఇంజిన్‌ను ఎక్కించాలా? ఇంగ్లండులోని కోవెంట్రీలో 1970 నుంచి 1977 వరకు ఈ కార్లు 25 వేలకు పైగా తయారయ్యాయి. వాటి ఆకృతిని తీర్చిదిద్దినవాడు ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలొట్టి. ఒకప్పుడు మద్రాసులో తయారై మన ఊళ్లలో తిరిగిన స్టాండర్డ్ హెరాల్డ్ రూపం కూడా ఆయన గీసినదే.

ఆకృతి విషయంలో స్టాగ్‌కు పేరు వచ్చింది; ఇంజిన్ విషయంలో మాత్రం చెడ్డపేరు వచ్చింది, అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అమెరికా విపణి నుంచి ఈ కారును 1973 నాటికే ఉపసంహరించుకోవలసి వచ్చింది. అయితే ఆనాటి వైఫల్యాలకు కారణాలన్నీ నేడు తెలిసినవే, దాదాపు అన్నీ సరిదిద్దదగినవే. కాబట్టి బ్లాకు (సిలిండర్లుండే ఇంజిన్ మూలభాగం) బాగుచేయలేనంతగా దెబ్బతింటేనో, మునుపటి యజమాని అసలు ఇంజిన్‌ను ఏనాడో పారేసి ఉంటేనో తప్ప దాన్ని మార్చవద్దన్నది నా సలహా. ఆ సలహాకు ఆధారమేమిటో, దాన్ని ఆచరణలో పెట్టే క్రమమేమిటో కింద వివరిస్తాను.

ఈ ఇంజిన్ ఎక్కడ, ఎందుకు చెడుతుంది

ఇది 2997 సీసీల ఇంజిన్. బ్లాకు పోత ఇనుముది, సిలిండర్లను పైనుంచి మూసే హెడ్‌లు అల్యూమినియంవి, ఒక్కొక్క సిలిండర్ వరుస మీద వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్ ఒక్కొక్కటి ఉంటుంది, శక్తి 145 హార్స్‌పవర్. మొదట తెలుసుకోవలసినది వాటర్ పంపు గురించి. సాధారణంగా ఇంజిన్ ముందు భాగాన బెల్టుతో తిరిగే పంపు ఇందులో రెండు సిలిండర్ వరుసల నడుమ, చాలా ఎత్తున ఉంటుంది. లోపలి షాఫ్టు నుంచి పళ్ల చక్రం ద్వారా తిరుగుతుంది. ఎండలోనో ట్రాఫిక్‌లోనో ఇంజిన్ బాగా వేడెక్కి కొంత నీరు పొంగి బయటికి పోయిందనుకుందాం. చల్లారిన తరువాత మిగిలిన నీటి మట్టం పంపు కంటే కిందికి దిగుతుంది. ఆ తరువాత పంపు గాలిలో తిరుగుతుందే కానీ నీటిని తోయదు, ఇంజిన్ మరింత వేడెక్కుతుంది, మరింత నీరు పోతుంది. అంతకంటే ప్రమాదకరమైన విషయం మరొకటి ఉంది: సెన్సర్ చుట్టూ నీరు లేకుండా పోతే డ్యాష్‌బోర్డు మీది ఉష్ణోగ్రత ముల్లు పైకి పోవడానికి బదులు కిందికి దిగవచ్చు. ముల్లు దిగింది కదా అని డ్రైవరు నిశ్చింతగా ఉండగానే హెడ్ వంగిపోతుంది.

రెండవ కారణం ఫౌండ్రీలో మొదలైంది. బ్లాకును పోత పోసినప్పుడు లోపల మిగిలిన ఇసుక, లోహపు ముక్కలు నీటి దారుల్లోనే ఉండిపోయి, కొద్దికాలానికి రేడియేటర్‌నూ, బ్లాకు వెనుక భాగంలోని సన్నని మార్గాలనూ మూసివేశాయి. మూడవది రసాయనికమైనది. ఇనుమూ అల్యూమినియమూ ఒకే నీటిలో ఉన్నప్పుడు, తుప్పును నిరోధించే ద్రవ్యం ఆ నీటిలో లేకపోతే, అల్యూమినియం కరిగిపోతూ ఉంటుంది. చలికాలంలో మాత్రమే యాంటీఫ్రీజ్ పోసి, వేసవిలో ఉత్త నీళ్లతో నడిపే అలవాటు ఆ రోజుల్లో చాలామందికి ఉండేది. ఇనుప బ్లాకూ ఇనుప హెడ్ ఉన్న పాత కార్లకు అది పెద్దగా హాని చేయలేదు కానీ స్టాగ్‌కు ప్రాణాంతకమైంది.

హెడ్‌ను బ్లాకుకు బిగించే తీరు నాలుగవది. ఒక వరుసలో బోల్టులు, మరో వరుసలో స్టడ్లు (బ్లాకులోకి బిగించి, పైన నట్ వేసే మరకడ్డీలు) ఉంటాయి, ఆ రెండు వరుసలూ ఒకే కోణంలో ఉండవు. వేడికి హెడ్ వ్యాకోచించినప్పుడు పక్కకు లాగే బలం పుట్టి, హెడ్‌కూ బ్లాకుకూ మధ్య కారకుండా ఉంచే గాస్కెట్ మీద భారం పడుతుంది. పైగా స్టడ్లు హెడ్ రంధ్రాల్లో తుప్పుపట్టి పట్టేసుకుంటే, కోణం తేడా వల్ల హెడ్‌ను పైకి లాగడం అత్యంత కష్టమైన పని అవుతుంది. చివరిగా కామ్‌షాఫ్ట్‌లను తిప్పే టైమింగ్ చైన్లు: రెండూ పొడవైనవి, ఒంటి వరుసవి, 25 వేల మైళ్ల ప్రాంతంలోనే సాగడం మొదలుపెట్టేవి. చైన్ పళ్లు తప్పితే వాల్వులు పిస్టన్లకు తగలవచ్చు, తగిలితే అంతటితో ఆ ఇంజిన్ పని అయిపోతుంది.

ఈ ఐదింటినీ జాగ్రత్తగా గమనించండి. మొదటి నాలుగూ నీటికీ వేడికీ సంబంధించినవి, ఐదవది సకాలంలో చైన్ మార్చడానికి సంబంధించినది. ఇంజిన్ మూల నిర్మాణమే పనికిరానిదైతే మార్చడం తప్ప దారి లేదు కానీ, ఇక్కడి సంగతి అది కాదు.

విప్పకముందే చేయవలసిన పరీక్షలు

మీ ఇంజిన్ స్థితి తెలియకుండా నిర్ణయం తీసుకోవద్దు. ఉదయం పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు నీటి మట్టం చూసి, రేడియేటర్‌లోని నీటి రంగును పరిశీలించండి. గోధుమరంగు బురద ఉంటే లోపల తుప్పు ముదిరిందని అర్థం. తరువాత స్టార్ట్ చేసి ముందు భాగాన చెవి పెట్టి వినండి. ఆయిల్ ప్రెషర్ వచ్చేవరకు ఒకటి రెండు క్షణాలు చైన్ గలగలమని ఆగిపోతే భయపడనక్కరలేదు, ఎందుకంటే చైన్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్లు ఆయిల్ ఒత్తిడి మీదనే పనిచేస్తాయి. ఆ శబ్దం ఆగకుండా కొనసాగితే మాత్రం ఇంజిన్‌ను ఆపివేయండి, చైన్లు మార్చేవరకు నడపవద్దు.

ఇంజిన్ వేడెక్కాక అన్ని ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి కంప్రెషన్ పరీక్ష చేయించండి. అంకె ఎంత వచ్చిందన్నదాని కంటే ఎనిమిది సిలిండర్ల మధ్య తేడా ఎంత ఉందన్నది ముఖ్యం. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు తక్కువ చూపిస్తే ఆ రెండింటి నడుమ గాస్కెట్ పోయి ఉండవచ్చు. అనుమానం ఉన్న సిలిండర్‌లోకి గాలి ఒత్తిడి పంపి అది ఎక్కడి నుంచి బయటపడుతుందో చూస్తే సంగతి మరింత స్పష్టమవుతుంది: రేడియేటర్‌లో బుడగలు వస్తే గాస్కెట్ లేదా పగులు, కార్బొరేటర్‌లో వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, డిప్‌స్టిక్ గొట్టంలో వినిపిస్తే పిస్టన్ రింగులు. నీటిలో పొగ వాయువు కలుస్తున్నదా అన్నది తేల్చడానికి నీలిరంగు ద్రవం పసుపుగా మారే చిన్న రసాయన పరీక్ష కూడా ఉంది. ఖరీదు తక్కువ, ఫలితం నమ్మదగినది. ఆయిల్ మూత కింద తెల్లని జిడ్డు కనిపించినంత మాత్రాన గాస్కెట్ పోయిందని తీర్మానించవద్దు. చలిదేశాల్లో తక్కువ దూరాలు తిరిగే కార్లలో ఆవిరి పేరుకుని కూడా అది వస్తుంది.

ఒక తాత్కాలిక ఆయిల్ ప్రెషర్ గేజ్ తగిలించి, బాగా వేడెక్కిన ఇంజిన్ మీద వచ్చిన అంకెను వర్క్‌షాప్ మాన్యువల్‌తో పోల్చండి. ప్రెషర్ సరిగా ఉండి, కంప్రెషన్ సమంగా ఉంటే మీకు కావలసింది రీబిల్డ్ (ఇంజిన్ మొత్తం విప్పి మళ్లీ కట్టడం) కాదు. కూలింగ్ పని, చైన్ల పని మాత్రమే. చాలామంది ఈ పరీక్షలు చేయించకుండానే మొత్తం ఇంజిన్ విప్పించి, అక్కరలేని ఖర్చు పెడతారు.

నిలుపుకోవాలని నిర్ణయించాక

హెడ్‌లు తీయడం ఈ పనిలో అన్నింటికంటే ఓపిక అవసరమైన ఘట్టం. నట్లు తీసిన తరువాత స్టడ్ల చుట్టూ తుప్పు వదిలించే నూనె పోసి, రోజుల తరబడి నాననివ్వాలి. రెండు నట్లను ఒకదానిపై ఒకటి బిగించి స్టడ్‌నే తిప్పి తీయడానికి ప్రయత్నించాలి. రాకపోతే స్టడ్ కొనకు నట్‌ను వెల్డ్ చేసి, ఆ వేడి మీదనే తిప్పితే తరచుగా కదులుతుంది. హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉలి దూర్చి సుత్తితో కొట్టే మెకానిక్ చేతికి ఈ ఇంజిన్ ఇవ్వవద్దు; ఆ దెబ్బకు అల్యూమినియం అంచు చితికిపోతే మంచి హెడ్ కూడా చెత్తలోకి పోతుంది. స్టడ్లు బయటికి వచ్చాక పాతవి మళ్లీ వాడకుండా కొత్తవే వేయండి, వాటికి తుప్పు పట్టకుండా కాపాడే పూత పూయండి.

హెడ్ కింది ముఖంలో నీటి రంధ్రాల చుట్టూ లోహం కరిగిపోయి గుంటలు పడి ఉంటాయి. వాటిని టిగ్ వెల్డింగ్‌తో నింపి, తరువాత ఫేసింగ్ (ముఖాన్ని సమంగా చెక్కడం) చేయించాలి. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. గుంటలు పోయేవరకు హెడ్‌ను చెక్కేస్తే సరిపోతుందని కొందరు మెషీన్ షాపువారు చెబుతారు. ఇది కామ్‌షాఫ్ట్ హెడ్‌లోనే ఉన్న వీ ఇంజిన్. హెడ్ ఎంత కిందికి దిగితే అంతగా చైన్ వదులవుతుంది, వాల్వ్ టైమింగ్ వెనక్కి జరుగుతుంది, రెండు హెడ్‌ల మధ్య కూర్చునే ఇన్‌లెట్ మానిఫోల్డ్ రంధ్రాలు సరిగా కలవవు. అందువల్ల ముందు వెల్డింగ్, ఆ తరువాత ముఖం సమం కావడానికి చాలినంత మాత్రమే చెక్కడం, అదీ రెండు హెడ్‌లకూ ఒకే కొలతలో. పని పూర్తయిన హెడ్‌లను వేడినీటిలో ఒత్తిడి పరీక్ష చేయించి, పగుళ్లు లేవని నిర్ధారించుకున్నాకే బిగించాలి.

బ్లాకు విషయానికి వస్తే, పక్కలనున్న కోర్ ప్లగ్గులన్నీ (నీటి దారులను మూసే లోహపు మూతలు) తీయించండి. వెనుక సిలిండర్ల చుట్టూ గట్టిపడిన ఇసుకనూ తుప్పునూ సన్నని ఇనుప కడ్డీతో తవ్వి తీసి, ఒత్తిడి నీటితో కడగాలి, మళ్లీ తవ్వాలి, మళ్లీ కడగాలి, శుభ్రమైన నీరు వచ్చేవరకు ఇదే పని. రసాయనాల తొట్టెలో ముంచినంత మాత్రాన గట్టిపడిన ఇసుక కరగదు. రీబిల్డ్ చేసిన తరువాత కూడా వేడెక్కుతున్నదని ఫిర్యాదు చేసే స్టాగ్‌లలో ఈ పని సగంలో వదిలేసినవి ఎన్నో ఉంటాయని నా గట్టి నమ్మకం.

క్రాంక్‌షాఫ్ట్‌ను కొలిపించి, అవసరమైతే గ్రైండింగ్ చేయించి తగిన అండర్‌సైజ్ బేరింగులు వేయాలి. బోర్లు అరిగి ఉంటే రీబోర్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయాలి. ఈ రెండూ ఏ ఇంజిన్‌కైనా చేసే పనులే. చైన్లు, గైడ్లు, టెన్షనర్లు ఒకేసారి మార్చండి, ఒకటి పాతది ఉంచవద్దు. చైన్ వేశాక ఇంజిన్‌ను చేత్తో తిప్పేటప్పుడు అది తిరిగే దిశలోనే తిప్పాలి. వెనక్కి తిప్పితే చైన్ వదులై పన్ను తప్పే అవకాశం ఉంది. అదే కారణంతో కారును గేరులో ఉంచి వెనక్కి నెట్టకూడదు. వాల్వ్ క్లియరెన్సులు (సందులు) వాల్వుల మీది బకెట్ల కింద ఉండే షిమ్‌లతో (చిన్న బిళ్లలతో) సరిచేయవలసినవి. కామ్‌షాఫ్ట్ తీస్తే తప్ప షిమ్ మార్చడం కుదరదు కాబట్టి, బిగించేటప్పుడే ఒక్కొక్క వాల్వ్ కొలత కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ కాగితం తరువాతి సర్వీసులో ఎంతో సమయాన్ని మిగులుస్తుంది.

కూలింగ్ వ్యవస్థ: అసలు మరమ్మతు ఇదే

ఇంజిన్ ఎంత బాగా కట్టినా పాత రేడియేటర్‌నే తగిలిస్తే ఆ శ్రమ వృథా. రేడియేటర్‌కు కొత్త కోర్ వేయించండి, గొట్టాలన్నీ మార్చండి, ఫ్యాన్‌ను తిప్పే కప్లింగ్ సరిగా పట్టుకుంటున్నదో లేదో చూడండి. వాటర్ పంపును బాగుచేయించి, దాని పళ్లనూ, దాన్ని తిప్పే షాఫ్టు పళ్లనూ పరిశీలించండి. ఒకదాని పళ్లు అరిగి రెండవది కొత్తదైతే కొత్తదీ త్వరగా అరుగుతుంది. నీటి మట్టం తగ్గగానే మోగే ఒక చిన్న అలారం అమర్చడం ఈ కారుకు చేయగల అత్యుత్తమమైన మార్పు. ఉష్ణోగ్రత ముల్లు చెప్పలేని సంగతిని అది చెబుతుంది, కారు బయటి రూపాన్ని ఏ మాత్రం మార్చదు.

నీరు నింపేటప్పుడు కారు ముందు భాగాన్ని ఎత్తి, హీటర్ వాల్వు తెరిచి, గాలి మొత్తం బయటపడేవరకు నెమ్మదిగా నింపాలి. తుప్పు నిరోధకం కలిసిన కూలెంట్‌నే ఏడాది పొడవునా ఉంచాలి, డబ్బా మీద చెప్పిన గడువుకు మార్చాలి. మొదటి కొన్ని వందల మైళ్లు ప్రతి ఉదయం మట్టం చూడటం తప్పనిసరి. హెడ్‌లను మళ్లీ టార్క్ చేయాలా (నిర్ణీత బిగువుకు బిగించాలా) వద్దా అన్నది మీరు వాడిన గాస్కెట్ రకాన్ని బట్టి ఉంటుంది, దాని తయారీదారు చెప్పినట్టే చేయండి. ఆ తరువాత చైన్లను 25 వేల మైళ్లకు ఒకసారి తెరిచి చూసే నియమం పెట్టుకుంటే ఈ ఇంజిన్ మీకు ఏళ్ల తరబడి పనిచేస్తుంది. దాని ధ్వని మరో ఇంజిన్‌తో రాదు. స్టాగ్‌ను ఎక్కడ విన్నా కళ్లు మూసుకుని గుర్తుపట్టవచ్చు, అది కూడా కారులో భాగమేనని నేను భావిస్తాను.

మార్చక తప్పనప్పుడు

బ్లాకు పగిలినా, అసలు ఇంజిన్ లేకుండానే కారు మీ చేతికి వచ్చినా, ముందుగా మరో స్టాగ్ ఇంజిన్ కోసం వెతకండి. కారుకూ ఇంజిన్‌కూ నంబర్లు కలవకపోయినా కారు స్వభావం నిలుస్తుంది. అది దొరకనప్పుడే రోవర్ వీ8 వైపు చూడాలి. 1970లు, 80ల్లో ఫోర్డ్ ఎసెక్స్ వీ6నూ, ట్రయంఫ్ సంస్థకే చెందిన రెండున్నర లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్‌నూ కూడా చాలా స్టాగ్‌లలో ఎక్కించారు కానీ, ఇప్పుడు కొత్తగా వాటిని ఎంచుకోవడానికి నాకు కారణం కనిపించదు.

రోవర్ ఇంజిన్ 3528 సీసీలది. అమెరికాలోని బ్యూక్ సంస్థ 1961లో తెచ్చిన పూర్తి అల్యూమినియం వీ8 నుంచి వచ్చింది. ట్రయంఫ్, రోవర్ రెండూ అప్పటికే లేలాండ్ సంస్థ గొడుగు కిందకు వచ్చినా స్టాగ్‌కు దాన్ని వాడలేదు. అది ఇమడదని ఒక వాదన, సరఫరా చాలదని మరో వాదన ఇప్పటికీ వినిపిస్తాయి. ఇమడటం మాత్రం ఇముడుతుంది, వందలాది కార్లలో అది రుజువైంది. కానీ తేలికగా, చౌకగా ఇముడుతుందని నమ్మవద్దు. ఇంజిన్ మౌంట్లు కొత్తగా చేయాలి, కింది క్రాస్ మెంబరుకు (అడ్డు దూలానికి) తగలకుండా సంప్ (ఆయిల్ తొట్టె) చూసుకోవాలి, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లు, గేర్‌బాక్స్‌ను కలిపే బెల్ హౌసింగ్, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు, స్పీడోమీటర్ కేబుల్, బానెట్ కింద కార్బొరేటర్ల ఎత్తు, వైరింగ్ అన్నీ ఒక్కొక్కటిగా పరిష్కరించాలి. ఇంజిన్ తేలిక కాబట్టి కారు ముందు భాగం పైకి లేస్తుంది. ముందు స్ప్రింగులు మార్చకపోతే రూపమూ చెడుతుంది, స్టీరింగ్ తీరూ మారుతుంది. ఇవన్నీ కలిపి లెక్క వేసుకుని, దాన్ని అసలు ఇంజిన్ రీబిల్డ్ అంచనా పక్కన పెట్టి చూడండి.

రోవర్ ఇంజిన్‌కు కూడా తన జబ్బులు తనకున్నాయి. ఆయిల్ సకాలంలో మార్చని ఇంజిన్లలో కామ్‌షాఫ్ట్ అరుగుతుంది, హైడ్రాలిక్ టాపెట్లలో మడ్డి చేరుతుంది. పెద్ద బోర్ ఉన్న 3.9, 4.6 లీటర్ల తరువాతి రూపాల్లో సిలిండర్ లైనర్ల వెనుక పగుళ్లు వస్తాయి. ఎంచుకుంటే 3.5 లీటర్లదే ఎంచుకోండి. కారు బాడీనీ క్రాస్ మెంబరునీ కోయకుండా, బోల్టులతో బిగించే మౌంట్లే వాడండి. రేపు మీరో, మీ తరువాతి యజమానో అసలు ఇంజిన్‌ను తిరిగి ఎక్కించాలనుకుంటే అడ్డేమీ ఉండకూడదు.

కాగితాలు

బ్రిటన్‌లో ఇంజిన్ మారితే కొత్త నంబరును వాహనాల రిజిస్ట్రేషన్ సంస్థ డీవీఎల్‌ఏకు తెలిపి లాగ్‌బుక్‌లో (రిజిస్ట్రేషన్ పత్రంలో) మార్పించుకోవాలి, బీమా సంస్థకూ చెప్పాలి. అక్కడ 40 ఏళ్లు దాటిన కార్లకు ఏటా చేయించే ఎంఓటీ (రోడ్డు యోగ్యత) పరీక్ష నుంచి మినహాయింపు 2018 మే 20 నుంచి అమలులో ఉంది. గత 30 ఏళ్లలో గణనీయమైన మార్పు జరిగిన కారుకు మాత్రం ఆ మినహాయింపు వర్తించదు. అదే ఇంజిన్ వేరే సీసీలో ఉన్నా, ఆ కారుకు తయారీదారే ఇచ్చిన మరో ఇంజిన్ అయినా మార్పుగా లెక్కించరు. రోవర్ ఇంజిన్ స్టాగ్‌కు తయారీదారు ఇచ్చినది కాదు కాబట్టి, పని మొదలుపెట్టకముందే ఆ మార్గదర్శకాలను చదివి, మీ కారు ఎక్కడ నిలుస్తుందో తేల్చుకోండి. మీ కారుకు ఫ్యాక్టరీలో ఏ ఇంజిన్ నంబరు పడిందో తెలియకపోతే గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఇచ్చే హెరిటేజ్ సర్టిఫికెట్‌లో అది ఉంటుంది.

హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో ఇలాంటి కారు ఉంచుకున్నవారికి మరో కారణం కూడా ఉంది. మన దేశంలో 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నియమాల ప్రకారం, 50 ఏళ్లు దాటిన కారును వింటేజ్ వాహనంగా రిజిస్టర్ చేయించాలంటే అది అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో గణనీయమైన మార్పులు జరిగినది ఆ రిజిస్ట్రేషన్‌కు అర్హం కాదు. తొలి స్టాగ్‌లు ఇప్పటికే ఆ వయసు దాటాయి.

దించిన అసలు ఇంజిన్‌ను పాత ఇనుము కొట్టుకు తూకానికి ఇవ్వవద్దు. నీరూ ఆయిలూ పూర్తిగా తీసేసి, ప్లగ్ రంధ్రాల ద్వారా ఒక్కొక్క సిలిండర్‌లో కొద్దిగా నూనె పోసి చేత్తో తిప్పి, అన్ని రంధ్రాలనూ మూతలతో బిగించి, నేలకు తగలకుండా చెక్క దిమ్మెల మీద నిలిపి, తేమ తగలని చోట కప్పి ఉంచండి. బిగింపు పట్టీలు, పుల్లీలు, పంపు, మానిఫోల్డ్‌లు, కార్బొరేటర్లు దానితోనే ఒక పెట్టెలో పెట్టి, ఇంజిన్ నంబరును పెట్టె మీద రాయండి. కారు అమ్మే రోజు వస్తే, ఆ ఇంజిన్‌నూ పెట్టెనూ కారుతో పాటే కొనుగోలుదారుకు అప్పగించాలి.